తట్టి వదిలేసిన కట్ట: నల్లగొండ దగ్గర ఒక పోకర్ ఆట, దాని లోపలి లెక్క

ఈ కేసు నా దగ్గరికి తెచ్చింది ఎరువుల దుకాణం నడిపే ఒకాయన. మనుషుల్ని, చోటుని గుర్తుపట్టే వివరాలు మార్చాను. మోసం జరిగిన తీరును మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను. గోవాలో మాండవి నది మీద నిలిచే కాసినో ఓడల్లో నేను పోకర్ డీలర్‌గా పనిచేశాను. తర్వాత బల్లలన్నింటినీ కనిపెట్టుకుని తిరిగే ఫ్లోర్ పని చేశాను. ఇప్పుడు నల్లగొండలో ఉంటున్నాను. గోవాకు పోయొచ్చే పిల్లలు, ఇక్కడ తోటల్లో ఆడేవాళ్లు, పోగొట్టుకుని ఇంట్లో చెప్పుకోలేనివాళ్లు సలహా కోసం వస్తుంటారు. మన దగ్గర డబ్బు పెట్టి ఆడే చోట నేను కూర్చోను, పంచను. కట్టలు, వీడియోలు, లెక్కలు తెస్తే చూసి చెబుతాను.

ఫిర్యాదు

ఏడుగురి ఆట. దేవరకొండ దారిలో ఒక బత్తాయి తోట, మోటరు పక్కన రేకుల గది, శనివారం రాత్రులు. ఎరువుల దుకాణదారు కాక మిర్యాలగూడ రైసుమిల్లు వాళ్లబ్బాయి, ఒక ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్ సారు, ప్లాట్లమ్మే ఆయన, రోడ్డు పనుల కాంట్రాక్టర్, ఆ కాంట్రాక్టర్‌కు వరసకు బామ్మర్ది, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ వారాంతాలకు ఊరికొచ్చే తమ్ముడు. ఇదివరకు వీళ్లు మూడుముక్కలు, రమ్మీ ఆడేవాళ్లు. పోకర్ తెచ్చింది ఆ సాఫ్ట్‌వేర్ తమ్ముడే. ఒక్కొక్కరికి రెండు ముక్కలు, మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు. మొదట మూడు తెరుస్తారు, తర్వాత ఒకటి, ఆఖరున ఇంకొకటి. నాలుగు విడతల పందెం.

ఆట మారింది కానీ పత్తాలాట అలవాట్లు అట్లాగే వచ్చాయి. కింద దుప్పటి పరిచి కూర్చోవడం, కట్టను చేతిలోనే పట్టుకుని కలపడం, ముక్కను గుండెల దాకా ఎత్తి విసరడం. ముఖ్యంగా, పంచేవాడు కట్ చేయమని, అంటే మధ్యలో విడదీసి పైభాగాన్ని కిందికి మార్చమని, కట్టను పక్కవాడి ముందు పెడితే, పక్కవాడు వేలితో దాన్ని తట్టి వదిలేయడం. తట్టడమంటే "నీ మీద నమ్మకముంది, కోసే పని లేదు, పంచు" అని. మన దగ్గర ఇది మర్యాద. కట్ చేస్తే అవతలివాణ్ని అనుమానించినట్టు. ఈ కేసు మొత్తం ఆ తట్టుడు మీదే నడిచింది.

దుకాణదారు ఆరు నెలల్లో మూడున్నర లక్షలు పోగొట్టుకున్నాడు. వానకాలం విత్తనాలకు కంపెనీకి కట్టాల్సిన పైకం అందులో ఉంది. ఆయన అనుమానం సాఫ్ట్‌వేర్ తమ్ముడి మీద.

"అన్నా, ఆ పిలగాడు కట్టను రెండు భాగాలు చేసి జర్రున కలుపుతడు. టీవీల చూస్తమే, అట్ల. మాకెవ్వరికీ రాదది. వాడే ఏదో చేస్తున్నడు. జర నువ్వు చూసి చెప్పు."

చెయ్యి చురుగ్గా ఉన్నవాణ్ని అనుమానించడం సహజమే, నేను చూసిన దాదాపు ప్రతి ఫిర్యాదూ అట్లాగే మొదలైంది. కానీ డబ్బు కోసం ముక్కలు తిప్పేవాడు తన చెయ్యి చురుకుదనాన్ని నలుగురికీ చూపించడు. వాడి చెయ్యి బద్ధకంగా, మొరటుగా కనబడుతుంది. పైగా కట్టను నేల మీద రెండు భాగాలుగా పెట్టి, అంచులు ఒకదాంట్లో ఒకటి దూరేలా కలపడమే అసలు సరైన పద్ధతి. ఇట్లా ఏడుసార్లు కలిపితే 52 ముక్కల కట్ట బాగా చెదిరిపోతుందని పెర్సీ డయాకోనిస్, డేవ్ బేయర్ అనే గణితవేత్తలు 1992లో లెక్కగట్టి చూపారు. డయాకోనిస్ గణితంలోకి రాకముందు ముక్కలతో ఇంద్రజాలం చేసినవాడు, కట్ట లోపల ఏం జరుగుతుందో చేతులతో తెలిసినవాడు. మనం చేసే చేతి కలుపుడులో ముక్కలు గుంపులు గుంపులుగా జారుతాయి. చాలా సేపు కలిపినా గుంపులు విడిపోవు. కలిపేవాడు కావాలనుకుంటే అడుగు ముక్కలు అసలు కదలవు.

కట్టలు

మొదట కట్టలు తెమ్మన్నాను. ఆడి పక్కన పడేసినవి తొమ్మిది కట్టలు సంచిలో వేసుకొచ్చాడు. అన్నీ అట్టముక్కలే, ప్లాస్టిక్‌వి కావు.

కట్టను పరీక్షించడానికి మంత్రాలేం లేవు. ముందు లెక్కపెట్టాలి, 52 ఉన్నాయా అని. తర్వాత కట్టను ఎడమ చేత పట్టుకుని వీపులు కళ్ల ముందు నుంచి వేగంగా జారేట్టు బొటనవేలితో వదలాలి. అన్ని వీపులూ ఒకేలా ఉంటే బొమ్మ నిలకడగా ఉంటుంది. ఏ ముక్క మీదైనా చుక్క, రంగు మచ్చ, పువ్వు రేకలో తేడా ఉంటే అక్కడ బొమ్మ కదిలినట్టు కనబడుతుంది. తర్వాత ఆసులు, రాజులు, రాణులు విడిగా తీసి కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టి గోటి నొక్కులు, మైనం, సిరా మరకలు వెతకాలి. అంచులు వేలితో తడిమితే గరుకుగా గీకిన ముక్క తెలిసిపోతుంది. చివరగా వీపు మీది బొమ్మ నాలుగు అంచుల దగ్గరా ఒకే కొలతలో తెగిందా చూడాలి. ఇది చిన్న విషయం అనిపిస్తుంది. 2012లో లండన్‌లోని ఒక కాసినోలో ఫిల్ ఐవీ అనే పేరున్న ఆటగాడు వీపు అంచుల్లోని ఆ తేడాను పట్టుకునే 77 లక్షల పౌండ్లు గెలిచాడు. కాసినో ఆ డబ్బు ఇవ్వలేదు. అది మోసమేనని బ్రిటన్ సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. అతను ముక్కల మీద ఒక్క గీత కూడా గీయలేదు. తయారీలో వచ్చిన లోపాన్ని వాడుకున్నాడు, డీలర్ చేత కావలసిన ముక్కల్ని తిప్పించుకున్నాడు, అంతే.

తొమ్మిది కట్టల్లోనూ నాకు గుర్తులు దొరకలేదు. నలిగినవి ఉన్నాయి, చెమట మరకలు ఉన్నాయి, కానీ అవి పెద్ద ముక్కల మీదే పడ్డట్టు లేవు. ఫోన్ కెమెరాతో అంచులు చదివే కట్టలు కూడా ఈ మధ్య అమ్ముతున్నారు. అంచు మీద మామూలు కంటికి కనపడని సిరాతో గుర్తులుంటాయి, పక్కన పెట్టిన ఫోన్ వాటిని చదివి ఎవరికి పెద్ద చెయ్యి (గెలిచే ముక్కలు) వస్తుందో చెవిలోని పరికరానికి చెబుతుంది. దానికి కట్ట ఒకే మనిషి తేవాలి, ఫోన్ ఎప్పుడూ కట్ట వైపే ఉండాలి. ఇక్కడ కట్టలు దుకాణదారే కొనేవాడు, తన దగ్గరే ఉంచేవాడు. ఆ దారి మూసుకుపోయింది. ఒక మాట ఇక్కడే చెప్పాలి. సీలు తీయని కట్ట అంటే మంచి కట్ట అని నమ్మొద్దు. సీలు మళ్లీ అతికించడం కష్టమైన పనేం కాదు. కట్ట ఎవరు కొన్నారు, ఆట మొదలయ్యేదాకా ఎవరి దగ్గర ఉంది అన్నదే అసలు ప్రశ్న.

లెక్క

దుకాణదారుకు రాసే అలవాటుంది. ప్రతి శనివారం ఎవరు ఎంత పెట్టారు, లేచేటప్పుడు ఎంత తీసుకున్నారు అన్నది వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. ఆరు నెలలది కూర్చుని తీశాం. బామ్మర్ది ఏడు లక్షలు గెలిచాడు. సాఫ్ట్‌వేర్ తమ్ముడు నలభై వేలు గెలిచాడు. మిగతా అందరూ పోగొట్టుకున్నవాళ్లే: దుకాణదారు మూడున్నర లక్షలు, కాంట్రాక్టర్ రెండు లక్షలు, మిల్లు అబ్బాయి లక్షా ఇరవై వేలు, కరస్పాండెంట్ సారు నలభై వేలు, ప్లాట్లాయన ముప్పై వేలు.

"బామ్మర్దికి లక్కు బాగున్నది. పాపం కాంట్రాక్టరన్నే, నా లెక్కనే మునిగిండు" అన్నాడు దుకాణదారు.

కాంట్రాక్టర్ మీద అందరికీ జాలి ఉంది. ఆటలో బావా బామ్మర్దులకు ఎప్పుడూ కీచులాటే, "నా పైసలన్నీ వీడే తింటున్నడు" అని కాంట్రాక్టర్ తిట్టేవాడట. నేను ఆ రెండు పేర్ల చుట్టూ గీత గీసి, రెండు అంకెల్నీ కలిపి చూడమన్నాను. ఇద్దరిదీ ఒకే జేబు అనుకుంటే ఐదు లక్షల లాభం. మిగతా ఐదుగురిలో ఒక్కరికే లాభం, అదీ నలభై వేలు.

ఇద్దరు కలిసి ఆడినప్పుడు లెక్కలో ఒకడు గెలిచినవాడిగా, ఒకడు ఓడినవాడిగా కనబడతారు. ఓడినవాడి మీద ఎవరికీ అనుమానం రాదు. అందుకే ఎవరు గెలుస్తున్నారు అని ఒక్కొక్కర్నే చూస్తే ఏమీ తేలదు. ప్రతి ఇద్దరినీ జతగా కలిపి చూడాలి, ముఖ్యంగా బంధువుల్ని, వ్యాపార భాగస్తుల్ని, ఒకే బండిలో వచ్చి ఒకే బండిలో పోయేవాళ్లని.

అయితే ఇది రుజువు కాదు. ఆరు నెలల శనివారాలంటే పోకర్‌లో చిన్న లెక్కే. బాగా ఆడేవాడు గెలుస్తాడు, ఆడలేని బావ ఓడతాడు, అంతమాత్రాన వాళ్లు దొంగలు కారు. ఎవరు పంచినప్పుడు పెద్ద పందేలు ఎవరికి పోయాయో రాసి ఉందా అని అడిగాను. చివరి రెండు నెలలు అనుమానంతో ఫోన్‌లో అది కూడా రాసుకున్నాడు, ఆట ముగిసిన వెంటనే, మర్చిపోకముందు. అది ఈ కేసుకు చాలా ఉపయోగపడింది.

అందులో మొదట తేలింది, సగానికి సగం చేతులు, అంటే ఆటలు, కాంట్రాక్టరే పంచాడని. వంతు ప్రకారం ఏడింట ఒకటి రావాలి. "మాకు ఓపిక ఉండదు, అన్నా నువ్వే పంచు అని ఇచ్చేస్తం" అన్నాడు. బామ్మర్ది ఎప్పుడూ కాంట్రాక్టర్‌కు కుడి పక్కన కూర్చుంటాడు. అంటే కట్ చేయాల్సిన మనిషి బామ్మర్దే. చేసేవాడు కాదు, తట్టేవాడు.

రెండోది, కాంట్రాక్టర్ పంచినట్టు రాసుకున్న అరవై చేతుల్లో బామ్మర్ది ఐదుసార్లు రెండు ఆసులో రెండు రాజులో చూపించి పెద్ద పందెం తీసుకున్నాడు. రెండు ఆసులు రావడమంటే 221లో ఒకసారి. ఆసుల జతో రాజుల జతో అనుకుంటే సుమారు 110లో ఒకసారి. అరవై చేతుల్లో ఒకసారి కూడా రాకపోవడమే ఎక్కువగా జరిగేది. ఐదు వచ్చాయి, అవీ చూపించినవి మాత్రమే. వేరేవాళ్లు పంచినప్పుడు బామ్మర్ది అట్లాంటి జత చూపినట్టు ఒక్క చోట కూడా రాసి లేదు.

వీడియో

మిల్లు అబ్బాయి పుట్టినరోజు నాడు కేకు కోసిన తర్వాత ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి అట్లాగే వదిలేశారు. అది కాసేపు ఆటను కూడా తీసింది. ఆ వీడియో పంపించాడు. కాంట్రాక్టర్ చేతులు కేకు డబ్బా వెనక సగం దాగున్నాయి.

ముందు, చెయ్యి ముగిశాక ముక్కలు పోగుచేసే తీరు చూశాను. తెరిచిన ముక్కల్ని కాంట్రాక్టరే పోగుచేస్తున్నాడు. మిగతావాళ్లు పైసలు లెక్కపెట్టుకుంటున్నారు, ఒకరు ఫోన్ చూస్తున్నారు. బోర్డు మీది, అంటే మధ్యలో తెరిచిన ఉమ్మడి ముక్కల్లోని రాజునూ, ఓడినవాడు చూపించిన రాజునూ చివర్లో తీసి, కట్టకు అడుగున చేర్చాడు. ఇందులో చెయ్యి చాతుర్యం ఏమీ లేదు. తర్వాత చేతిలో కలిపాడు. పైనుంచి ముక్కలు జారుతున్నాయి, అడుగున వేళ్లు నొక్కిపట్టినవి కదలడం లేదు. కట్టను కుడి పక్క పెట్టాడు. బామ్మర్ది తట్టాడు.

ఇక పంచుడు. పైముక్క ఇవ్వాల్సిన చోట అడుగు నుంచి లాగితే గుర్తుపట్టే చోటు ఒకటుంది, డీలర్లందరికీ తెలిసినదే. కట్ట పైనున్న ముక్కను చూడాలి, చేతిని కాదు. పైముక్క కొంచెం పక్కకు జరిగి ఉన్నప్పుడు పంచితే, సహజంగా ఆ జరిగిన ముక్కే పోవాలి, కిందిది బయటపడాలి. వీడియోలో బామ్మర్ది వంతు వచ్చినప్పుడు ముక్క పోయింది కానీ వంకరగా జరిగి ఉన్న పైముక్క అదే వంకరలో అక్కడే ఉంది. తర్వాతి మనిషికి పంచినప్పుడు అది పోయింది. వేగం తగ్గించి చాలాసార్లు చూశాను. రెండో రౌండు కేకు డబ్బా చాటున జరిగింది, కనబడలేదు. ఆ చేతిలో బామ్మర్ది గెలిచాడు, ముక్కలు చూపించలేదు.

ఒక్క ముక్క, ఒక్కసారి, డబ్బా పక్క నుంచి. నాకు సందేహం లేదు. కానీ నలుగురిలో పెట్టి ఇదిగో అనడానికి అది చాలదు. బావ, బామ్మర్ది, తోట, రాత్రి, మందు. ఇట్లాంటి చోట ఒక్క మాట తూలితే పత్తాల గొడవ తలకాయలు పగిలేదాకా పోతుంది. దుకాణదారు అప్పుడే లేచి ఫోన్ తీశాడు. ఆపాను.

చట్టం సంగతి

"ఠాణాల కంప్లైంట్ ఇస్త" అన్నాడు. ఈ మాట దగ్గర ప్రతిసారీ ఆగి వివరంగా చెప్పాల్సి వస్తుంది, ఎందుకంటే మనవాళ్లలో చాలామందికి సగమే తెలుసు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని సుప్రీంకోర్టు 1968లో అన్న మాట నిజమే. మూడుముక్కలాటను ఆ తీర్పే అదృష్టపు ఆటగా విడదీసింది. ఆ తీర్పును పట్టుకుని పోకర్ కూడా నైపుణ్యమే కదా అంటారు. కానీ తెలంగాణ 1974 గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించింది. నైపుణ్యం ఆటైనా దాని మీద డబ్బు ఒడ్డితే ఇక్కడ అది జూదమే. 2025లో కేంద్రం తెచ్చిన చట్టంతో డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలు దేశమంతా నిషేధంలోకి పోయాయి. గోవా సంగతి వేరు, అక్కడ లైసెన్సుతో నడుస్తాయి.

కాబట్టి ఫిర్యాదు ఇవ్వడమంటే ముందు తానూ జూదం ఆడానని రాసివ్వడం. మోసం మోసమే, భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ ఉంది, కాదనను. ఆ దారిలో పోదలచుకుంటే వకీలును వెంటబెట్టుకుని పొమ్మన్నాను. పోయిన డబ్బు మాత్రం పందెం లెక్కన తిరిగి రాదు. 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచానని చెప్పే సొమ్ము కోసం దావా వేయడానికి లేదు.

మోసగాళ్లు కాసినో కంటే మన తోటల్ని, ఫామ్‌హౌస్‌లను ఎందుకు ఇష్టపడతారో ఇక్కడే అర్థమవుతుంది. కాసినోలో నెత్తి మీద కెమెరా ఉంటుంది, బల్ల దిగేటప్పుడు డీలర్ రెండు అరచేతులూ తిప్పి చూపించి లేస్తాడు, ఆటలో భాగం లేని మనిషి ముక్కలు పంచుతాడు. ఇక్కడ పంచేవాడే ఆడేవాడు, మోసపోయినవాడు నోరు తెరవలేడు. అందుకే నా మొదటి సలహా డబ్బు ఆపేయమని. దుకాణదారుకు అదే చెప్పాను, ఖచ్చితంగా చెప్పాను. ఆయన వినలేదు. "నేను లేస్తే పోయినయి పోయినట్టే అన్నా. ఒక్క రెండు నెలలు" అన్నాడు. పోగొట్టుకున్నవాడి గొంతులో ఆ మాట వింటే నాకు నిజంగా భయమేస్తుంది. మోసం కంటే ఆ ఆశే ఎక్కువమందిని ముంచడం చూశాను.

ఆయన మళ్లీ కూర్చునేది ఖాయమని తెలిశాక, కనీసం కట్టకు కాపలా ఎట్లా పెట్టాలో చెప్పకుండా పంపడం నాకు చేతకాలేదు.

మార్చింది

దొంగను పట్టుకునే పని పెట్టుకోవద్దన్నాను. పట్టుకోవడానికి ప్రతి క్షణం కళ్లు కట్ట మీదే ఉండాలి, ఆడుతూ అది ఎవరివల్లా కాదు. దొంగతనానికి చోటు లేకుండా చేస్తే చాలు. కట్ట మీద చివరి చెయ్యి పంచేవాడిది కాకూడదు. కలిపేవాడు, కోసేవాడు, పంచేవాడు ముగ్గురూ వేరువేరు మనుషులు కావాలి.

దీనికి అడ్డమొచ్చేది మొగమాటం. పన్నెండేళ్లుగా కలిసి తింటున్నవాళ్ల మధ్య "ఇవాళ్టి నుంచి కట్ చేద్దాం" అన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా అది ఎవరో ఒకరి మీద నింద అవుతుంది. మోసం చేసేవాడికి చేతి విద్య కంటే ఎక్కువగా పనికొచ్చేది మన ఈ మర్యాదే. అందుకని నియమాన్ని మనిషి మీద కాక ఆట మీద పెట్టాలి. ఈ పనికి దుకాణదారు అనుమానించిన ఆ సాఫ్ట్‌వేర్ తమ్ముడే సరైన మనిషి. అతన్ని పిలిపించి మాట్లాడాను. లెక్క చూపించలేదు, ఎవరి పేరూ చెప్పలేదు. "ఆట పద్ధతిగా లేదన్నా, నేను కూడా అనుకుంటున్న" అన్నాడు. తర్వాతి శనివారం అతనే రెండు ప్లాస్టిక్ కట్టలు, ఒకటి ఎరుపు వీపు, ఒకటి నీలం, ఒక పొట్టి కాళ్ల బల్ల, రెండు కట్ కార్డులు తీసుకుపోయాడు. గోవాలో ఇట్లాగే ఆడతారు, ఇకనుంచి ఇట్లాగే ఆడదాం అన్నాడు.

కట్ కార్డు అంటే ముక్క సైజులో ఉండే ఒట్టి ప్లాస్టిక్ బిళ్ల. ఖరీదు ఏమీ కాదు, అది చేసే పని మాత్రం పెద్దది. కోసేవాడు ఒంటి చేత్తో కట్టను రెండు చేసి ఆ బిళ్ల మీద పెడతాడు. అప్పటి నుంచి కట్ట అడుగున బిళ్లే ఉంటుంది. అడుగు ముక్క ఎవరికీ కనబడదు, అడుగు నుంచి లాగితే వచ్చేది బిళ్లే.

ఒక కట్టతో ఆట నడుస్తుంటే రెండోదాన్ని పంచనివాడు బల్ల మీదే పెట్టి కలుపుతాడు: ముందు ముక్కలన్నీ బోర్లా పరిచి రెండు చేతులతో చిందరవందర చేయడం, తర్వాత అంచులు దూర్చి కలపడం. ఏడుసార్లు అంటే ఓపిక ఉండదు కాబట్టి ఈ చిందరవందర తప్పనిసరి చేయమన్నాను. అడుగున దాచుకున్న ముక్కలు అక్కడే చెదిరిపోతాయి. ఇంకొకడు కోస్తాడు. తట్టడం లేదు, ఎవరికైనా సరే. పంచేవాడు కట్టను బల్లకు దగ్గరగా ఉంచి పంచాలి. బోర్డు మీద ముక్కలు తెరిచే ప్రతిసారీ ముందు పైముక్క ఒకటి బోర్లాగానే పక్కన పడేయాలి. పందెం నడిచినంతసేపూ పైముక్క వీపు అందరి కళ్ల ముందే ఉంటుంది కదా. దాని మీద ఎవరికైనా గుర్తు తెలిస్తే రాబోయే ముక్క తెలిసినట్టే. పక్కన పడేస్తే ఆ తెలివి వృథా అవుతుంది. ఫోన్లు బల్ల మీద ఉండవు. గంటకోసారి ముక్క తీసి చోట్లు మారాలి. ఎవరి వంతు వాళ్లే పంచాలి, పరుల చేతికి ఇవ్వడం లేదు.

కాంట్రాక్టర్ వెంటనే అన్నాడట: "ఏం తమ్మీ, మా మీద నమ్మకం లేదా?"

"అన్నా, మీరు పంచినా నేను పంచినా ఒకటే రూల్. నా కట్ట కూడా మీరే కొయ్యాలె." ఆ మాటతో ఆగింది.

తర్వాత జరిగింది

నాలుగు శనివారాలు దుకాణదారు చేత మళ్లీ రాయించాను. బామ్మర్దికి ఆసుల జత, రాజుల జత ఒక్కసారి కూడా కనబడలేదు. ఇది కూడా రుజువు కాదు, నాలుగు వారాల్లో రాకపోవడం మామూలే. కానీ బావా బామ్మర్దుల ఇద్దరి లెక్కా కలిపితే ఇప్పుడు లాభం దాదాపు సున్నా.

అయినా పూర్తిగా సున్నా కాలేదు. ఇంకొకటి మిగిలింది, కట్ట జోలికే పోనిది. బామ్మర్ది పందెం పెంచుతాడు, మధ్యలో దుకాణదారు ఉంటాడు, వెనకనుంచి కాంట్రాక్టర్ ఇంకా పెంచుతాడు, బామ్మర్ది మళ్లీ పెంచుతాడు. ఓ మోస్తరు చెయ్యి ఉన్నవాడు రెండు రాళ్ల మధ్య గింజలా నలిగి ముక్కలు పడేస్తాడు. అప్పుడు కాంట్రాక్టర్ కూడా పడేస్తాడు. ఉన్నదంతా బామ్మర్దికి. దీన్ని ఏ కట్ కార్డూ ఆపదు. కెమెరా కూడా పట్టలేదు, ఎందుకంటే ఇద్దరూ చేసింది నియమం ప్రకారం పందెం పెంచడమే. సంకేతాలు ఏమైనా కావచ్చు, పందెం బిళ్లలు (చిప్స్) పేర్చే తీరు, ముక్కల మీద వేలు పెట్టే చోటు. వాటిని వెతుకుతూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది. చోట్లు మారినప్పుడు వీళ్లిద్దరూ పక్కపక్కన ఉన్నారో ఎదురెదురుగా ఉన్నారో దాన్ని బట్టి పెంచే తీరు మారుతోందా అని చూడమన్నాను.

దీనికి పోకర్‌లో పాత నియమం ఒకటి ఉంది. చివరి పందెం దాకా నిలిచి, ముక్కలు చూపించకుండా బోర్లా పడేయబోయేవాడి చెయ్యి చూపించమని బల్ల మీది ఏ ఆటగాడైనా అడగొచ్చు. కుమ్మక్కును బయటపెట్టడానికే కాసినోల్లో ఆ నియమం పెట్టుకున్నారు. ఊరికే అడిగి ఎదుటివాణ్ని చికాకు పెట్టడానికి కాదు, అందుకే అరుదుగా వాడాలి. ఒక శనివారం దుకాణదారు మధ్యలో నలుగుతూ కూడా ముక్కలు పడేయలేదు. చివరిదాకా ఒప్పుకుంటూ, అంటే అవతలివాళ్లు పెంచినంత తానూ కడుతూ పోయాడు. ముగ్గురూ మిగిలారు. బామ్మర్ది రాణుల జత చూపించాడు. కాంట్రాక్టర్ బోర్లా తోయబోతే దుకాణదారు చూపించమన్నాడు. కళావరు ఏడు, డైమన్ రెండు. పోకర్‌లో మొదట వచ్చే రెండు ముక్కల్లో అంతకంటే పనికిమాలిన జత లేదు. దానితో మూడుసార్లు పెంచాడు, బోర్డు మీద దానికి ఏదీ కలవలేదు, చివరి పందేనికీ ఒప్పుకున్నాడు.

ఉత్త చేత్తో బెదిరించడం పోకర్‌లో న్యాయమైన ఆటే. ఎవరూ తప్పుపట్టకూడదు. కానీ బెదిరించేవాడు ఎదుటివాడు పడేయాలని పెంచుతాడు, పడేయరని తెలిశాక చివరి పందేనికి డబ్బు కట్టి ఒప్పుకోడు. గెలిచే దారి లేని ముక్కలతో ఒప్పుకోవడమంటే ఆ డబ్బు ఎవరి జేబులోకి పోయినా అతనికి ఫరవా లేదన్నమాట. ఆ రాత్రి ఎవరూ ఏమీ అనలేదు. మిల్లు అబ్బాయి మాత్రం ఆ రెండు ముక్కల్ని చాలాసేపు చూశాడట. తర్వాతి శనివారం కాంట్రాక్టర్‌కు పని పడింది. ఆ తర్వాత బామ్మర్దికీ పని పడింది. ఇద్దరూ మళ్లీ రాలేదు.

ఆట నెలలోపే ఆగిపోయింది. నిజానికి దాన్ని నడిపించింది వాళ్లిద్దరే, పిలిచేది వాళ్లు, కోడి వండించేది వాళ్లు, లేవబోయినవాణ్ని ఇంకో గంట కూర్చోబెట్టేది వాళ్లు. కరస్పాండెంట్ సారు, ప్లాట్లాయన మానేశారు. సాఫ్ట్‌వేర్ తమ్ముడు, మిల్లు అబ్బాయి, ఇంకొందరు కుర్రాళ్లు ఇప్పుడు ఒక మిద్దె మీద డబ్బు లేకుండా బిళ్లలతో ఆడుతున్నారు, మూడు నెలలకు పాయింట్లు లెక్కేస్తారు. అక్కడికి మాత్రం నేను పోయి పంచుతాను. కట్ కార్డు అక్కడ కూడా ఉంది.

దుకాణదారు మూడున్నర లక్షల్లో లక్షా ఇరవై వేలు బామ్మర్దికి ఇంకా బాకీ ఉన్నాడు, నోటి మాటగా. ఆ బాకీకి ప్రామిసరీ నోటు రాసిమ్మని, లేదా ప్లాటు ఒకటి రాసిమ్మని బామ్మర్ది రెండుసార్లు దుకాణానికి వచ్చాడు. నోటు మీద "చేబదులు" అని రాయిద్దామని కూడా అన్నాడట. అట్లా రాస్తే పందెం బాకీ కాస్తా కాగితం మీద మామూలు అప్పు అయిపోతుంది, దాన్ని కాదని నిరూపించే భారం దుకాణదారు నెత్తిన పడుతుంది. ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని వకీలు చెప్పాడు, నేనూ అదే చెప్పాను. ఇప్పటిదాకా పెట్టలేదు. వాట్సాప్ గ్రూపులోని ఆరు నెలల లెక్కను చెరపకుండా ఇంకో ఫోన్‌లోకి ఎక్కించుకుని, ఒక ప్రతి వకీలు దగ్గర ఉంచాడు.